పరిశోధన వ్యాసములలో స్వరలిపి ఉదాహరణలు



కవిత్వమును గూర్చి వ్రాయువాడు పద్యము నొకదానిని ఎత్తి చూపి తన మాటను నిరూపించుకొనగలడు. రాగమును గూర్చి వ్రాయువానికి ఆ వెసులుబాటు లేదు. స్వరములను చూపనిచో ఆతని విమర్శ ఉత్త ప్రశంసగా మిగిలిపోవును. ఉద్యోగరీత్యా దూరప్రాంతములకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలలో సంగీతమున పరిశోధన చేయుచున్నవారు కొందరు కలరు. వారికి కావలసిన గ్రంథములు ఒకప్పుడు పెద్ద గ్రంథాలయములకు పోయిన గాని దొరకెడివి కావు. నేడు వాని ఛాయాప్రతులు అంతర్జాలమున ఇంటికే వచ్చుచున్నవి. దొరకుట సులభమైనది గాని సరిగా వాడుట సులభము కాలేదు.

సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'నే తీసికొందము. ముద్దుస్వామి దీక్షితుల వంశమువారు, తమిళదేశమున ఎట్టయాపుర సంస్థానమున ఉన్నవారు, ఈ ఉద్గ్రంథమును తెలుగు భాషలో, తెలుగు లిపిలో వ్రాసి 1904లో ప్రకటించిరి. మద్రాసు సంగీత అకాడమీవారు 1961 మొదలుకొని తమిళ లిపిలో ప్రచురించిరి. ఆంగ్ల రూపమును అంతర్జాలమున కలదు. చిత్రమేమనగా, తెలుగు ఇంట పుట్టిన విద్యార్థియు పలుమారు ఆంగ్ల రూపమునుండియే స్వరములను ఎత్తి వ్రాయుచున్నాడు. అక్షరములు రాకపోవుటయే దానికి కారణము. మూలము తన భాషలోనే ఉండగా నకలును ఆశ్రయించుట ఎంత నష్టమో తల్లిదండ్రులు ఆలోచింపవలెను.

ఈ గ్రంథమున వెదకుట యెట్లు? ఖరహరప్రియ యని వెదకినచో 22వ మేళము దొరకదు. అచ్చట ఆ మేళమునకు శ్రీరాగమని పేరు. హరికాంభోజికి మారు హరికేదారగౌళ, మేచకల్యాణికి మారు శాంతకల్యాణి, హనుమతోడికి మారు జనతోడి కనబడును. ఇవి వేంకటమఖి సంప్రదాయమువారి పేర్లు. కావున పేరును విడిచి మేళసంఖ్యను పట్టుకొనవలెను. పాత అచ్చును యంత్రము చదువునను ఆశయు పెట్టుకొనరాదు. చుక్కలు, గీతలు కలిసిన స్వరాక్షరములను చూచి యంత్రము తికమకపడును. పుటలు త్రిప్పుటయే మార్గము.

ఆ చుక్కల సంగతియే ముఖ్యమైనది. స్వరముపై చుక్క తారస్థాయికి, క్రింది చుక్క మంద్రస్థాయికి గుర్తు. ఛాయాప్రతిలో పురుగు తిన్న మచ్చయో, ధూళికణమో చుక్కవలె కనబడవచ్చును. నిజమైన చుక్క చెరిగిపోవచ్చును. అంతమాత్రమున షడ్జము ఒక స్థాయి ఎగిరిపోవును. అందుచేత అనుమానమున్న చోట రెండవ ప్రతితో పోల్చి చూడవలెను. బొమ్మగా కత్తిరించునప్పుడు అంగుళమునకు 600 చుక్కల సాంద్రత ఉండుట మేలు. జేపెగ్ పద్ధతిలో మరల మరల భద్రపరచినచో అక్షరముల అంచులు అలుకుకొనిపోవును.

ప్రదర్శినిలో కంపితము, స్ఫురితము, నొక్కు, రవ, జారు మొదలగు గమకములకు వేర్వేరు చిహ్నములు కలవు. చాలమంది టైపు చేయునప్పుడు వీనిని వదలివేసి సరిగమలను మాత్రము నిలుపుదురు. ఆ చిహ్నములకొరకే ఆ గ్రంథమును ఉదాహరించుచు వానినే పారవేయుట వింత! కంప్యూటరులో తెలుగు అక్షరముపై చుక్కయు, చిహ్నమును నిలుపుట కష్టమే. ఒక యంత్రమున కుదిరినది మరొక దానిలో చెదరిపోవును. అట్టిచోట మూలపుటనే బొమ్మగా ఉంచి, ప్రక్కన లిప్యంతరమును ఇచ్చుట ఉత్తమము.

మరియొక లోపము. రెండు ఆవర్తములను కత్తిరించి అతికించినంతమాత్రమున ఉదాహరణ కాదు. 'రి' అను అక్షరము శుద్ధ రిషభమో, చతుశ్శ్రుతియో, షట్శ్రుతియో దానంతట చెప్పదు. పాశ్చాత్య స్వరలిపిలోనైనను నడుమనుండి కత్తిరించిన పంక్తికి ముందుండవలసిన స్థాయిచిహ్నము, శ్రుతిచిహ్నములు ఊడిపోవును. కావున రాగము, మేళసంఖ్య, తాళము, పల్లవియో చరణమో, ఎన్నవ ఆవర్తమో బొమ్మ క్రింద వ్రాయవలెను. గ్రంథము పేరు, ముద్రణ సంవత్సరము, పుటసంఖ్యయు కావలెను. పుటసంఖ్య యనగా అచ్చులోనిది. తెరపై యంత్రము లెక్కించు సంఖ్య వేరు. తేదీయు, ఫైలు సంఖ్యయు లేని కాగితమును ముందుకు కదలనీయని ఉద్యోగులకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక హక్కుల మాట. 1957 నాటి భారత కాపీరైటు చట్టమున గడువు మొదట రచయిత మరణానంతరము 50 ఏండ్లు. రవీంద్రుని రచనల గడువు తీరు తరుణమున, 1992లో, దానిని 60 చేసిరి. ఆయన రచనల హక్కు 2001తో ముగిసినది. సుబ్బరామ దీక్షితులవారు 1906లో గతించిరి గనుక వారి మూలమునకు ఆటంకము లేదు. కాని నేటి సంపాదకుడు చేర్చిన పీఠికకును, వ్యాఖ్యకును వేరుగా హక్కు ఉండవచ్చును. కీర్తన సాహిత్యము వేరు, స్వరరచన వేరు. రెంటికిని వేర్వేరు లెక్క. పరిశోధనకును, విమర్శకును న్యాయమైనంత మేర ఉదాహరించుటకు 52వ సెక్షను అనుమతించుచున్నది.

దేశము మారిన గడువు మారును. పాశ్చాత్య స్వరలిపులను ఉచితముగా అందించు ఐఎంఎస్‌ఎల్‌పీ, ఆస్ట్రియాలోని ఒక ప్రచురణ సంస్థ అభ్యంతరము చెప్పగా 2007 అక్టోబరులో మూతపడి మరుసటి ఏడు తిరిగి తెరచుకొన్నది. కెనడాలో నాడు గడువు 50 ఏండ్లు, ఐరోపాలో 70 ఏండ్లు. తగవంతయు ఆ తేడాపైననే. విదేశీ పత్రికకు వ్యాసము పంపువారు అచ్చటి నియమమును ముందుగా చూచుకొనవలెను.

వ్యాసము అచ్చుకు పోవుటకు ముందు చేయవలసిన పరీక్ష యొకటి కలదు. బొమ్మను మాత్రము కాగితముపై తీసి, వ్యాసము చదువని గాయకునికో, గాయనికో ఇచ్చి పాడుమనవలెను. వారు ఎచ్చట ఆగుదురో అచ్చట ఒక చుక్కయో, గీతయో జారిపోయినదని గ్రహించి మూలపుటను మరల తెరవవలెను.