సంచులతో పాటు నేర్పేవాళ్లూ రావాలి
(పెర్మిలిలో సంఘ పెద్దలు, యౌవనస్థుల కూడికలో ఒక పాస్టర్ చేసిన ప్రసంగ పాఠం)



పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి ప్రభువు ముందు దించిన సంగతి మనందరికీ తెలుసు. ఆ నలుగురినీ మెచ్చుకోని పాస్టరు ఉండడు. అయితే కిడ్నీలు పూర్తిగా పాడైన మనిషిని ఒక్కసారి మోస్తే సరిపోదు. వారానికి రెండు మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు యంత్రం దగ్గర పడుకోబెట్టాలి. అన్నిసార్లు మోసే నలుగురు ఎక్కడ దొరుకుతారు? రోగి కూలీ, తోడు వెళ్లినవాళ్ల కూలీ రెండూ పోతాయి.

జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచిత డయాలసిస్ పథకాన్ని కేంద్రం 2016లో తెచ్చింది. మంచిదే. కానీ మన జిల్లా ఎంత పొడవో ఢిల్లీకి ఏం తెలుసు? సిరొంచ నుంచి గడ్చిరోలికి దాదాపు 200 కిలోమీటర్లు. వానాకాలంలో వాగులు పొంగితే భామ్రాగడ్ వైపు దారే ఉండదు.

ఇంట్లో చేసుకునే పద్ధతి ఒకటుంది. పెరిటోనియల్ డయాలసిస్ అంటారు. చిన్న ఆపరేషన్ చేసి పొట్టలోకి మెత్తటి గొట్టం అమరుస్తారు. సంచిలోని రెండు లీటర్ల ద్రవాన్ని దాని గుండా లోపలికి వదిలి, నాలుగు నుంచి ఆరు గంటలు ఉంచుతారు. కడుపులోని పొరే జల్లెడలా రక్తంలోని మలినాలను ఆ ద్రవంలోకి దించుతుంది. తర్వాత దాన్ని కిందికి వదిలేసి కొత్త సంచి ఎక్కిస్తారు. రోజుకు మూడు నాలుగుసార్లు. కరెంటు అక్కర్లేదు, సంచి పైనుంటే ద్రవం దిగుతుంది, కిందుంటే బయటికొస్తుంది. ఇది అందరికీ సరిపడదు, డాక్టరే తేల్చాలి. 2019లో కేంద్రం ఈ పద్ధతికీ మార్గదర్శకాలు ఇచ్చింది.

ప్రమాదం ఎక్కడంటే, గొట్టం తగిలించే ఆ రెండు నిమిషాల్లో. చేతి మురికి లోపలికి పోతే పొర చీము పడుతుంది, ప్రాణం మీదికొస్తుంది. అందుకే శిక్షణ. తలుపు మూయాలి, ఫ్యాను ఆపాలి, రోగికీ చేసేవారికీ ముక్కు నోరు కప్పాలి. సబ్బుతో రుద్ది కడిగిన చేతులు శుభ్రంగా ఆరాలి. సంచి కారుతోందా, గడువు దాటిందా చూడాలి. గొట్టం కొసను దేనికీ తగలనివ్వకూడదు. బయటికొచ్చిన ద్రవం తేటగా ఉండాలి. కుడితిలా మబ్బుగా ఉంటే, కడుపు నొస్తే, జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆ సంచిని కూడా పట్టుకుని ఆసుపత్రికి పోవాలి. ఏరులో, చెరువులో మునిగి స్నానం చేయకూడదు. ఇదంతా కాగితం మీద చదివిస్తే రాదు. నర్సు ముందు రోజుల తరబడి చేసి చూపించి, తప్పు లేకుండా చేసినప్పుడే ఇంటికి పంపాలి. అదీ మాడియాలో, తెలుగులో, ఎవరి మాటలో వాళ్లకు.

“మనవాళ్లకు చదువు లేదు, వల్ల కాదు” అనేవాళ్లకు నా జవాబు గడ్చిరోలిలోనే ఉంది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్‌ల సెర్చ్ సంస్థ 1990లలో 39 గ్రామాల్లో కొద్దిపాటి చదువున్న ఆడవాళ్లకు పసికందుల వైద్యం నేర్పింది. రక్తంలో విషం చేరిన బిడ్డకు సూది వేయడం కూడా నేర్పింది. ఆ గ్రామాల్లో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ పత్రిక దాన్ని అచ్చువేసింది. ఆ ఆడవాళ్లు గ్రామాల వాళ్లే, ఓపికగా నేర్పేవాళ్లు దొరికారు, అంతే.

కాబట్టి అడగాల్సింది సంచులు మాత్రమే అయితే నేను ఒప్పుకోను. నేర్పే నర్సు కావాలి, అర్ధరాత్రి ఎత్తే ఫోను కావాలి, నెలకోసారి ఇంటికొచ్చి చూసేవారు కావాలి. అవి లేకుండా సంచులిచ్చి పంపడం మనిషిని వదిలించుకోవడమే. తహసీల్ ఆఫీసులో ఇచ్చే అర్జీలో ఈ మూడూ రాయండి.

మన వంతు కూడా ఉంది. రోజుకు మూడు సంచులంటే నెలకు 90, బరువు 180 కిలోలు పైనే. దారులు తెగకముందే రెండు నెలల సరుకు చేరాలి. పూరింట్లో అన్ని పెట్టెలకు చోటెక్కడిది? మందిరం పక్క గదికి ఎలుకలు దూరకుండా జాలీ కొట్టించి, నేల మీద చెక్కలు పరచండి. జూన్ లోపే.