పక్కన నిలబడే మనిషి

 

ఇంజనీరును కదా, యంత్రాల గురించి మాట్లాడతానని మీరు భోజనాల వైపు చూస్తున్నారు. భయపడకండి, మనుషుల గురించే చెబుతాను. ఆస్పత్రుల్లో వెంటిలేటర్లు, డీఫిబ్రిలేటర్లు బాగుచేయడం నా పని. 20 ఏళ్లుగా ఎమర్జెన్సీ వార్డుల్లో తిరుగుతున్నాను. అక్కడికి పారామెడిక్ విద్యార్థులు క్లినికల్ పోస్టింగులకు వస్తుంటారు. 2005 ఆగస్టు 15న మన దగ్గర 108 మొదలైంది. అర్ధరాత్రి ఫోన్ చేస్తే అంబులెన్సులోంచి దిగేది డాక్టరుగారు కాదు, ఇలా శిక్షణ పొందిన పిల్లలే.

చాలాచోట్ల వీళ్లకు దొరికే పని స్ట్రెచర్ తొయ్యడం, శాంపిళ్లు ల్యాబుకు మొయ్యడం. "ఏయ్ స్టూడెంట్" అనేదే పేరు. నెలాఖరున లాగ్‌బుక్కులో సంతకం మాత్రం పడిపోతుంది. చూసినప్పుడల్లా నాకు మంట.

ఒక ఆస్పత్రిలో మాత్రం ఒక సీనియర్ సిస్టర్ ఉన్నారు. కేసు వస్తోందని కబురు రాగానే "ముందు ఏం చూస్తావు?" అని అడుగుతారు. ఒకరోజు ఒక అబ్బాయి పేషెంటుకు సీపీఆర్ చేస్తున్నాడు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. లెక్క తెలుసు, బలంగానే నొక్కుతున్నాడు. కానీ ఛాతీని తిరిగి పైకి లేవనివ్వడం లేదు. సిస్టర్ అరవలేదు. మోచేతి పక్కనే నిలబడి, "పూర్తిగా వదులు నాన్నా, గుండెలోకి రక్తం రావాలి" అన్నారు. 2 నిమిషాలకు మనిషిని మార్చారు.

ఆ పేషెంటు దక్కలేదు. ఆ అబ్బాయికి అదే మొదటి చావు. సిస్టర్ అతన్ని పక్కగదిలోకి తీసుకెళ్లి, టీ ఇప్పించి, ఏం సరిగ్గా చేశాడో ఒక్కొక్కటీ చెప్పారు. ఇది ఏ సిలబస్‌లోనూ చూడలేదు నేను.

ఆవిడే నన్నూ లాగారు, ఆక్సిజన్ పాఠం చెప్పమని. బి టైపు సిలిండరు నిండా ఉంటే సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పోతే గేజి సగంలో ఉన్నప్పుడు ఎంతసేపు? "75 నిమిషాలు. కానీ ఖాళీ అయ్యేదాకా ఆగకూడదు, గంటే అనుకోవాలి సార్" అందొక అమ్మాయి. అనుపాతం లెక్క! ఇక్కడి లెక్కల మాస్టార్లు వింటున్నారా?

మన సంఘం ఫీజులకు సాయం చేస్తోంది, మంచిదే. నా మనవి మరొకటి. మనలో డాక్టర్లున్నారు, నర్సింగ్‌హోములు నడిపేవాళ్లున్నారు, సీనియర్ నర్సులున్నారు. మీ దగ్గరికొచ్చే ప్రతి విద్యార్థికీ పేరుపెట్టి ఒక మనిషిని అప్పగించండి. ఆ మనిషికి డ్యూటీలో ఒక అరగంట దానికే వదలండి. చూడని పనికి సంతకం పెట్టకండి.

భోజనాల తర్వాత సైన్సు ల్యాబు వరండాలో నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంటాను. వచ్చి మీ పేరు, ఫోన్ నంబరు, వారంలో మీకు వీలైన రోజు రాయండి.