చెరువులో చేపల చావు: నిందకు ముందు పరీక్ష

పంచాయతీ సభ్యులారా,

రాత్రి వరకు బాగుగనున్న చేపలు తెల్లవారునప్పటికి చచ్చి తేలినచో, ఊరిలో మొదట వినబడు మాట "ఎవరో మందు కలిపినారు" అన్నదే. దానితో పక్షములేర్పడి తగవు ఠాణా వరకు పోవును. కావున నిందకు ముందు నీటిని పరీక్షింపుడని మేము మనవి చేయుచున్నాము.

నాచు పగటివేళ ప్రాణవాయువును విడుచును. రాత్రివేళ తానును పీల్చును. అందువలన తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గును. మబ్బుపట్టిన దినములలోను, పేడ హెచ్చుగ వేసినప్పుడును ఇది ప్రాణాంతకమగును. లీటరు నీటికి 5 మిల్లీగ్రాములున్న మేలు. 3కు దిగినచో బొచ్చె, శీలావతి చేపలు పైకి వచ్చి నోరు తెరచును. సాధారణముగ పెద్దవి ముందు చచ్చును.

మరి మీసముల చేపలైన మార్పు, ఇంగిలాయి బ్రతికియుండుటేల? అవే చంపినవని కొందరందురు. అది పొరపాటు, అవి పైగాలిని నేరుగ పీల్చగలవు. కప్పలు, నత్తలు, చిన్నచేపలు సైతము చచ్చినప్పుడే విషమును అనుమానింపవలెను. వాలుగ మాత్రము వేటచేప. పిల్లచేపల నడుమ దానినుంచరాదు. 2000లో భారత ప్రభుత్వము నిషేధించిన ఆఫ్రికా మార్పును చెరువులో విడువరాదు.

చేపలు నోరు తెరచినంతనే మేత, ఎరువు ఆపి, క్రొత్తనీరు పెట్టించి, తెడ్లతో నీటిని కలచుడు. అనుమానమున్నచో నీటిని శుభ్రమైన సీసాలో పట్టి మత్స్యశాఖకు పంపుడు. చచ్చినవానిని అమ్మనీయక పూడ్పించుడు. ఫలితము వచ్చువరకు ఎవరి పేరును ఎత్తనీయకుడు. చెరువు ఊరందరి సొత్తు. ఊరి పొత్తును కాపాడుటయు మీ బాధ్యతయే.