వీరుని ఇల్లాలి చదువు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధంలో ప్రాణమిచ్చిన, లేదా అంగవైకల్యం పొందిన సైనికుని భార్యకు కళాశాల ఫీజు మినహాయింపు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇది మిలిటరీవారి వ్యవహారం, మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. కాని దీని మర్మం మనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

సర్వీసులో ఉండగా ఉద్యోగి పోతే అతని భార్యకు కారుణ్య నియామకం ఇస్తారు. ఏ పోస్టు ఇస్తారు? ఆమె చదువును బట్టి ఇస్తారు. భర్త ఎంత హోదాలో పనిచేసినా, ఆమెకు దక్కే కుర్చీ ఆమె సర్టిఫికెట్టును బట్టే ఉంటుంది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అమరుడైన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు భార్యను తెలంగాణ ప్రభుత్వం డిప్యూటీ కలెక్టరుగా నియమించింది. అందరం సంతోషించాం. మరి ఇంటర్‌తో చదువు మాన్పించి పెళ్లి చేసిన సిపాయి భార్య సంగతేమిటి? ఆమెకు ముందు కావలసింది డిగ్రీ.

మన దేశంలో ఏమేమి ఉన్నాయో చూద్దాం. 1971 యుద్ధం ముగియగానే, అమరులైన, వికలాంగులైన సైనికుల పిల్లల చదువు ఖర్చు భరిస్తామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. 1972 నుంచి అది అమలులోకి వచ్చింది. 2017లో దానికి నెలకు పది వేల రూపాయల పరిమితి పెట్టారు. నాలుగువైపుల నుంచీ అభ్యంతరం రావడంతో 2018 మార్చిలో ఆ పరిమితి తీసేశారు. మంచి పథకం. అయితే అది పిల్లలది.

తల్లి సంగతికి వస్తే, కేంద్రీయ సైనిక బోర్డు విద్యా గ్రాంటు ఒకటుంది. హవల్దారు ర్యాంకు వరకు ఉన్నవారి కుటుంబాలకు ఇస్తారు. నెలకు వెయ్యి రూపాయలుగా ఉన్న ఈ గ్రాంటును 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు రెండు వేలు చేశారు. ఇద్దరు పిల్లలకు ఒకటో తరగతి నుంచి డిగ్రీ వరకు, వితంతువుకు రెండేళ్ల పీజీకి ఇది వర్తిస్తుంది. ఇక్కడొక మాట గమనించండి. వితంతువుకు పీజీకి మాత్రమే! అంటే ఆమె అప్పటికే డిగ్రీ చదివి ఉండాలి. ఇంటర్ దగ్గర ఆగిపోయిన అమ్మాయి డిగ్రీలో చేరితే ఈ గ్రాంటు రాదు.

2006-07లో మొదలైన ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకంలో మాజీ సైనికుల పిల్లలతోపాటు వితంతువులకూ చోటుంది. అయితే అది ఇంజనీరింగు, వైద్యం, బి.ఇడి. వంటి వృత్తి విద్యా కోర్సులకే. పైగా మొదటి సంవత్సరంలో చేరినప్పుడే దరఖాస్తు పెట్టుకోవాలి. రెండో ఏట తెలుసుకుంటే ప్రయోజనం లేదు.

అమెరికాలోనూ ముందు గుర్తుకొచ్చింది పిల్లలే. 1956లో యుద్ధంలో తండ్రిని కోల్పోయిన పిల్లల చదువుకు చట్టం చేశారు. భార్యలను చేర్చడానికి 1968 దాకా పట్టింది. అయితే చేర్చినప్పుడు వితంతువులతో ఆగలేదు. శాశ్వతంగా పూర్తి వికలాంగుడైన సైనికుని భార్యను కూడా చేర్చారు. మన పిల్లలు చాలామంది స్థిరపడిన టెక్సాస్‌లో హేజిల్‌వుడ్ చట్టమని ఒకటుంది. దాని షరతులకు సరిపోయే సైనికుల భార్యలకు ప్రభుత్వ కళాశాలల్లో 150 క్రెడిట్ గంటల వరకు ట్యూషన్ ఫీజు ఉండదు. నాలుగేళ్ల డిగ్రీకి సుమారు 120 గంటలు చాలు. పుస్తకాలు, వసతి ఖర్చు మాత్రం వారే పెట్టుకోవాలి.

గ్రాంటుకూ మినహాయింపుకూ తేడా మనకు తెలియనిది కాదు. గ్రాంటయితే ముందు ఫీజు కట్టాలి, ఏడాది పాసవ్వాలి, కాగితాలు పంపాలి, ఆ తరువాత డబ్బు వస్తుంది. మినహాయింపయితే చేరిన రోజునే ఫీజు అడగరు. చేతిలో పైసా లేని ఇల్లాలికి ఆ మొదటి రోజే అసలు పరీక్ష.

వికలాంగుని భార్య పరిస్థితి ఇంకా కష్టం. భర్త ఉన్నాడు కనుక ఆమె వితంతువు కాదు. బోర్డు పీజీ గ్రాంటు ఆమెకు రాదు. భర్తకు సేవ చేసేది ఆమె, పిల్లలను పెంచేది ఆమె, రేపు సంపాదించవలసిందీ ఆమే. పెన్షన్ వస్తుంది కదా అంటారు. పెన్షన్‌తో నెల ఎలా గడుస్తుందో ఈ హాలులో ఉన్నవారికి నేను చెప్పాలా?

ఇల్లు వదిలి రాలేనివారికి మన దగ్గరే ఒక దారి ఉంది. 1982లో స్థాపించిన మన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. ఈనాడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. అక్కడా, ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లోనూ ఈ స్త్రీలకు పూర్తి ఫీజు మినహాయింపు ఇవ్వాలని, వికలాంగ సైనికుల భార్యలను కూడా అందులో చేర్చాలని మన సంఘం తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను. నడుస్తున్న తరగతిలో మరొక్కరు కూర్చుంటే ఖజానాకు పెద్ద భారమేమీ కాదు.

తీర్మానం ఆమోదం పొందేలోగా మనం చేయగలిగిన పని కూడా ఉంది. జీవితమంతా ఫైళ్లతో గడిపినవాళ్లం. మన ఊళ్లో ఇటువంటి కుటుంబం ఉంటే వెళ్లి కాగితాలు చూద్దాం. డిశ్చార్జి బుక్కులో భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయా? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదైందా? దరఖాస్తు గడువెప్పుడు? ఒక్క పూట వెచ్చిస్తే ఒక ఇల్లాలి చదువు నిలబడుతుంది.

దేశం కోసం పోయినవానికి విగ్రహం పెడదాం, దండ వేద్దాం. అతని ఇల్లాలికి చదువు కూడా చెప్పిద్దాం.