టెన్షన్ అనరు, కడుపు నొస్తుందంటారు

(యాకుత్‌పురాలో ఆదివారం జరిగిన విద్యార్థుల సమావేశంలో మాట్లాడిన మాటలు. కొద్దిగా సరిచేసి ఇక్కడ పెడుతున్నా.)



యాకుత్‌పురా నాకు కొత్త కాదు. డిగ్రీ మూడేళ్లలో రెండేళ్లు ఈ స్టేషన్‌కి పది నిమిషాల దూరంలో ఒక గల్లీలో రూము తీసుకుని ఉన్నాం, నలుగురం. ఆదిలాబాద్ గూడేల నుంచి పోయిన పిల్లలు పాతబస్తీలో ఏం చేస్తున్నారని ఊళ్లో అడిగేవాళ్లు. కిరాయి తక్కువ, ఎంఎంటీఎస్ దగ్గర. ఇక్కడ రైలెక్కితే కాచిగూడ, విద్యానగర్, ఆర్ట్స్ కాలేజీ మీదుగా సికింద్రాబాద్ దాకా పోవచ్చు. ఇంకో కారణం కూడా ఉంది. వేరే చోట్ల రూము అడిగితే ముందు "మీరు ఏమిటోళ్లు?" అన్నారు. ఇక్కడ కిందింటి ఖాలా ఒక్కటే అడిగింది, ఐదో తారీఖు లోపల కిరాయి ఇస్తారా అని.

ఈ రోజు నన్ను విద్యార్థుల ఒత్తిడి, ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాదు. చూసింది, పడ్డది, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది చెప్తా.

హాస్టళ్లకు పోయినప్పుడు మొదట్లో నేను ఒక తప్పు చేసేవాణ్ణి. "ఎవరికైనా టెన్షన్ ఉందా?" అని అడిగేవాణ్ణి. ఒక్క చెయ్యి లేవదు. అందరూ నవ్వుతారు. తర్వాత మాట మార్చిన. "పొద్దున లేవగానే కడుపు నొచ్చేది ఎవరికి? తలనొప్పి ఎవరికి? రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టనిది ఎవరికి?" అని అడిగితే చేతులు లేస్తాయి, ఒకరి తర్వాత ఒకరు. మన పిల్లలు టెన్షన్ అని చెప్పరు. కడుపు నొస్తుందని చెప్తారు. నేనూ అట్లనే చెప్పిన. మా అవ్వకు ఫోన్ చేసి స్ట్రెస్ అంటే గోండీలో ఎట్ల చెప్పాలో నాకు ఇప్పటికీ తెల్వదు. కడుపు నొస్తుందంటే మాత్రం వెంటనే "ఏం తిన్నవ్?" అంటది.

అదేం అబద్ధం కాదు. కడుపు నిజంగానే నొస్తుంది. ఎందుకో చెప్తా.

ఇప్పపువ్వు ఏరడానికి చీకటితోనే పోయినవాళ్లు ఇక్కడ ఎంతమంది? ఆ వాసనకు ఎలుగుబంటి కూడా వస్తది. చెట్టు కింద అది కనబడ్డదనుకోండి. గుండె దడదడ కొట్టుకుంటది, నోరు ఎండుకపోతది, కాళ్లలోకి బలం వస్తది. మూత్రపిండాల మీద చిన్న గ్రంథులుంటాయి, అడ్రినల్ గ్రంథులు. వాటి నుంచి అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు రక్తంలోకి దిగుతాయి. చక్కెర పెరుగుతది, బీపీ పెరుగుతది, ఉరకడానికి కావలసిందంతా కండరాలకు పోతది. ఆ టైంలో తిండి అరగడం శరీరానికి ముఖ్యం కాదు, పేగుల పని మందగిస్తది. ఎలుగు పోయినంక కాసేపటికి అన్నీ సర్దుకుంటాయి. ఇంటికొచ్చి జొన్నరొట్టె తింటాం, ఆ కథ నలుగురికి చెప్పి నవ్వుతాం.

కాలేజీలో కనబడే ఎలుగు పోదు. ఫీజు కట్టలేదని నోటీసు బోర్డు మీద పేరు, ఇంగ్లీషులో పాఠం, ఇంటర్నల్ మార్కులు, బస్ పాస్, ఇంట్లో పత్తికి రేటు రాలేదన్న ఫోను. అవి రోజూ చెట్టు కిందనే ఉంటాయి. కార్టిసాల్ దిగుతూనే ఉంటది. అప్పుడు ఏమైతది? పరీక్ష ముందు విరేచనాలు. గుండెల్లో మంట. నిద్ర రాదు, నిద్ర లేకపోతే చదివింది గుర్తుండదు, గుర్తులేదని ఇంకా ఎక్కువ రాత్రులు మేలుకుంటాం. మాటిమాటికీ జలుబు, జ్వరం. చెల్లెళ్లకు నెలసరి తప్పుతది. అసలే రక్తం తక్కువ ఉన్నవాళ్లకు ఇంకా నీరసం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తా. మనం మెడికల్ షాపుకు పోయి "నొప్పి గోలీ ఇవ్వు భాయ్" అంటాం. డైక్లోఫెనాక్ లాంటివి ఖాళీ కడుపుతో వారాల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి. ఒత్తిడి వల్ల వచ్చిన కడుపునొప్పికి కడుపును పాడుచేసే గోలీ వేసుకుంటున్నం. నేను రెండో సంవత్సరంలో ఆర్నెల్లు అదే చేసిన. చివరికి నల్లగా విరేచనం అయింది, లోపల రక్తం పోతున్నట్టని డాక్టర్ చెప్పేదాకా నాకు తెల్వదు.

ఆ ఆర్నెల్లు ఏం జరిగిందో కూడా చెప్పాలి. కాలేజీ పేరు చెప్పను, అట్లాంటివి చాలా ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు. పైసలు సర్కారు ఇయ్యాలి, కానీ క్లాసులో లేచి నిలబడేది నేను. "స్కాలర్‌షిప్ వాళ్లు లేవండి" అంటే పదకొండు మందిమి లేచేవాళ్లం. అందులో మేం నలుగురం ఆదివాసులం, మిగతావాళ్లలో ఇక్కడి పాతబస్తీ పిల్లలు కూడా ఉన్నారు. డిగ్రీ అయినంక సర్టిఫికెట్లు పట్టుకున్నారు. బాపు పత్తి అమ్మిన పైసలు తెచ్చి కడితే గానీ ఇవ్వలేదు. బకాయిలు ఒక్క కాలేజీ కథ కాదు. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బకాయిల కోసం బంద్‌కు దిగినయ్. యాజమాన్యానికి బంద్ చేసే దారి ఉంది. పిల్లగాడికి ఏముంది? కడుపునొప్పి ఉంది.

భాష సంగతి. ఇక్కడ ముందు వరసలో కూర్చున్న చెల్లెళ్లు ఉర్దూ మీడియంలో పది దాకా చదివి ఒక్కసారి ఇంగ్లీషులో పడ్డవాళ్లు. మేం గోండీ నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి, రెండుసార్లు పడ్డవాళ్లం. క్లాసులో అర్థం కానప్పుడు లేచి అడగడానికి కూడా ఇంగ్లీషు కావాలి కదా. అడగక ఊరుకుంటాం, "వీడికి తలకెక్కదు" అంటారు. ఇదే నగరంలో 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంతో మొదలైంది, సైన్సు సహా ఉర్దూలో చెప్పారు. 1940వ దశకంలో మా మార్లవాయిలో హైమెండార్ఫ్ గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ పెట్టించి గోండీలో పాఠాలు రాయించాడు. అది కూడా కొమురం భీం జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చినంకనే నిజాం సర్కారుకు మేం కనబడ్డం, అది వేరే ముచ్చట. ఇంటి భాషలో చదువు చెప్పడం ఎవరికీ తెల్వని విద్య కాదని చెప్పడానికే ఇది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలని వచ్చిన విషయం.

మా రూములో ఒక తమ్ముడు ఉండేవాడు. సికిల్ సెల్ ఉన్నవాడు. గోండు, కోయ, కొలాం గూడేల్లో ఈ మాట అందరూ విన్నదే. మామూలుగా ఎర్ర రక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉంటది. సికిల్ సెల్‌లో అది గట్టిపడి కొడవలి లెక్క వంగుతది, సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటది. అక్కడికి రక్తం పోదు, ఎముకల్లో, కీళ్లలో నొప్పి లేస్తది. ఆ నొప్పి చూసినవాళ్లకే తెలుస్తది. తల్లీతండ్రీ ఇద్దరికీ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక్కరి నుంచే వస్తే మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, కానీ పెళ్లికి ముందు తెలుసుకోవాలి.

ఈ నొప్పిని లేపేవి ఏంటివి? నీళ్లు తక్కువ తాగడం, చలి, జ్వరం, ఒళ్లు అలిసేదాకా పని, మనసు మీద ఒత్తిడి. ఇప్పుడు ఒక డిగ్రీ పిల్లగాడి పరీక్షల నెల గుర్తు చేసుకోండి. నిద్ర లేదు. బాత్రూం బాగుండదని నీళ్లు తాగడు. డిసెంబరు చలిలో రేకుల రూము. పొద్దున ఏమీ తినకుండా పోతడు. నొప్పి లేపేవన్నీ ఒకే నెలలో వచ్చి కూర్చుంటాయి.

మా తమ్ముడికి సెమిస్టర్ పరీక్షల ముందు అట్లనే లేచింది. మూడు రోజులు మోకాళ్లు, నడుము పట్టుకుని చాప మీద మెలికలు తిరిగిండు. కిందింటి ఖాలా రబ్బరు సంచిలో వేడినీళ్లు పంపించింది, గంటకోసారి నీళ్లు తాగిండా అని పైకి అరిచి అడిగేది. నాలుగో రోజు కాలేజీకి పోతే ఒక సారు, "పరీక్షలొస్తేనే నీకు నొప్పులొస్తయా? నాటకాలు చేస్తున్నవా?" అన్నడు. సారుకు తెల్వకుండానే నిజం చెప్పిండు. అవును సారూ, పరీక్షలొస్తేనే వస్తయి. జబ్బు పద్ధతే అది. ఆ మాట అప్పుడు నా నోట్లో లేదు. తల దించుకుని వచ్చినం.

ఆ మూడు రోజులు గైర్హాజరు. స్కాలర్‌షిప్‌కి 75 శాతం హాజరు కావాలి. జబ్బుతో హాజరు తగ్గుతది, హాజరు తగ్గితే స్కాలర్‌షిప్ ఆగుతది, స్కాలర్‌షిప్ ఆగితే ఒత్తిడి, ఒత్తిడికి మళ్లీ నొప్పి. ఆ తమ్ముడు ఫైనల్ ఇయర్‌లో చదువు ఆపేసిండు. ఇప్పుడు ఉట్నూర్ దగ్గర మొబైల్ షాపులో పనిచేస్తున్నడు. మా నలుగురిలో లెక్కలు బాగా వచ్చేది వాడికే.

కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేస్తామన్నారు, కార్డులు ఇస్తున్నారు. మంచిదే. ఆ కార్డు గూడెంలో పెట్టెలో ఉంటది, పిల్లగాడు హైదరాబాద్‌లో ఉంటడు. మీలో కార్డు ఉన్నవాళ్లు దాన్ని జేబులో పెట్టుకోండి. ఫోనులో ఫోటో తీసుకోండి. డాక్టర్ హైడ్రాక్సీయూరియా రాస్తే పరీక్షల గోలలో ఆపొద్దు. జ్వరం గట్టిగా వచ్చినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, చెయ్యో కాలో పడిపోయినట్టున్నా గోలీలతో కాలం గడపొద్దు, పెద్దాసుపత్రికి పోవాలి, అదే గంటలో.

ఒత్తిడి ఇంకా ముదిరితే ఏమైతదో మీకు తెలుసు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. రోజుకు 35 మందికి పైనే. మన రాష్ట్రంలో 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఎన్ని ఇళ్లలో ఏడుపు విన్నామో మర్చిపోలేదు. రోహిత్ వేముల పోయింది ఇదే హైదరాబాద్‌లో, 2016 జనవరి 17న. ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వీ 2019 మే నెలలో. పాయల్ ఆదివాసీ, ముస్లిం. తడ్వీ భిల్లు బిడ్డ. ఈ హాల్లో కూర్చున్న రెండు వైపుల వాళ్లకూ ఆమె చెల్లెలే. పాయల్ తల్లి ఆబేదా, రోహిత్ తల్లి రాధిక ఇద్దరూ కలిసి, క్యాంపస్‌లలో వివక్ష ఆపాలని అదే ఏడాది సుప్రీంకోర్టుకు పోయారు. ఆ తల్లులు "మా పిల్లలు బలహీనులు" అనలేదు. అక్కడ ఏం జరిగిందో చూడమన్నారు.

2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ చదువుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన ఒక కౌన్సెలర్ అయినా ఉండాలంది. మీ కాలేజీలో ఉన్నారా? పోయి అడగండి, రాతపూర్వకంగా అడగండి. ఉంటే ఆ మనిషికి ఏ భాషలు వచ్చో కూడా అడగండి. అయితే ఒకటి. ఫీజు బకాయి కౌన్సెలింగ్‌తో తీరదు. "పాజిటివ్‌గా ఆలోచించు, ధ్యానం చెయ్యి" అనే సెమినార్లు నేను నాలుగు విన్నా. స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందో ఒక్కదాంట్లో చెప్పలేదు. తెలంగాణలో 2024 చివర్లో హాస్టల్ మెస్ ఛార్జీలు ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 నుంచి 2,100 చేశారు. పోరాడితేనే పెరిగింది. ప్లేట్లో ఒక గుడ్డు ఎక్కువ రావడం కూడా ఆరోగ్యమే.

సికిల్ సెల్ పిల్లలకు నొప్పి రోజులు హాజరు కింద లెక్కగట్టాలి, పరీక్ష తప్పితే మళ్లీ రాయనివ్వాలి. ఈ డిమాండుతో ఒక కాగితం తయారు చేసినం. బయట బల్ల మీద ఉంది, చదివి సంతకం పెట్టండి. ఇష్టం లేకపోతే పెట్టొద్దు. తోటివాళ్ల ముందు జబ్బు పేరు చెప్పడం ఇష్టం లేనివాళ్లు ఉంటారు, వాళ్లను ఎవరూ బలవంతం చేయొద్దు.

రాత్రిపూట మనసు బాగాలేక, బతకాలని లేదన్న ఆలోచన వస్తే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, ప్రభుత్వానిది, పైసలు పడవు, ఏ టైంలోనైనా ఎత్తుతారు. తెలుగులో, ఉర్దూలో మాట్లాడొచ్చు. పక్క మంచం మీద ఉన్న దోస్తును లేపినా సరే. "లేపితే తిడతడు" అనుకుంటాం. తిట్టనియ్యండి.

నేను ఎక్కువ మాట్లాడిన. ఖాలా వాళ్లింటి నుంచి చాయ్ వచ్చినట్టుంది. మైకు వెనక్కి పంపుతున్నా, ముందు చెల్లెళ్లు మాట్లాడాలి. తెలుగు రాకపోతే ఉర్దూలో, గోండీలో, ఎట్లొస్తే అట్ల చెప్పండి. కడుపునొప్పి నుంచే మొదలుపెట్టినా పర్వాలేదు.