టోరెస్ జలసంధి: దీవులు, ప్రాణులు, ప్రజలు

సముద్రం నేలలను విడదీస్తుందా, కలుపుతుందా? ఆస్ట్రేలియాలోని కేప్ యార్క్‌కు, న్యూగినీకి నడుమ సుమారు 150 కిలోమీటర్ల వెడల్పున ఉన్న టోరెస్ జలసంధి ఈ ప్రశ్నకు చక్కని సమాధానం. 1606లో ఈ మార్గాన పయనించిన నావికుడు లూయిస్ వాయెజ్ ద టోరెస్ పేరే దీనికి వచ్చినది. సుమారు 8,000 సంవత్సరాల క్రితం వరకు ఇక్కడ రెండు భూభాగాలను కలిపే నేల ఉండేది. హిమయుగానంతరం సముద్రం పెరిగి దానిని ముంచివేసినది.

ఈ జలసంధిలో 270కి పైగా దీవులు కలవు. వాటిలో జనావాసమున్నవి కొద్ది మాత్రమే. పశ్చిమాన శిలామయమైన కొండలు, మధ్యన పగడపు ఇసుక తిన్నెలు, తూర్పున అగ్నిపర్వతాల సారవంతమైన నేల, ఉత్తరాన పల్లపు బురద దీవులు కనిపిస్తాయి. లోతు తక్కువైన ఈ నీటిలో సముద్రగడ్డి విస్తారంగా పెరుగుతుంది. దానిని మేసే డ్యూగాంగ్‌లకు, అనగా సముద్రపు ఆవులకు, ప్రపంచంలోని ప్రధాన నివాసాలలో ఇది ఒకటి. ఈ జీవి మనకు పరాయిది కాదు. భారత్, శ్రీలంకల నడుమనున్న పాక్ అఖాతంలో దీని రక్షణకై 2022లో ప్రత్యేక సంరక్షణ ప్రాంతం ఏర్పడినది.

ఇక్కడి ప్రజలు సాగరపుత్రులు. పశ్చిమ దీవుల భాష ఆస్ట్రేలియా భాషల కుటుంబానికి చెందగా, తూర్పు దీవుల మెరియమ్ మీర్ పాపువా భాషలకు బంధువు. నక్షత్రాలలో తగాయ్ అనే వీరుని చూచి, వారు నాట్ల కాలాన్ని, పడవ ప్రయాణాన్ని నిర్ణయించుకొనేవారు. 1978లో సంతకమై 1985లో అమలులోకి వచ్చిన ఒప్పందం ప్రకారం, ఇరుదేశాల తీరవాసులు సంప్రదాయ కార్యాలకై పాస్‌పోర్టు లేకుండానే రాకపోకలు సాగింపవచ్చును.

మెర్ దీవివాసి ఎడ్డీ మాబో, మరి నలుగురు 1982లో తమ పూర్వికుల భూమిపై హక్కు కోరి న్యాయస్థానానికి వెళ్ళారు. ఆస్ట్రేలియా ఎవరికీ చెందని నేల అన్న వాదాన్ని అత్యున్నత న్యాయస్థానం 1992 జూన్ 3న త్రోసిపుచ్చినది. ఆ తీర్పు వినుటకు మాబో జీవించి లేడు. ఆ జనవరిలోనే కన్నుమూశాడు.

న్యాయం నేలను గుర్తించినది. సముద్రం దానిని కోస్తున్నది. పల్లపు దీవులలో పోటు నీరు ఇండ్లను, తోటలను, పూర్వికుల సమాధులను తాకుచున్నది. దీవివాసులను ఆస్ట్రేలియా తగినంతగా రక్షింపలేదని 2022లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘం నిర్ణయించినది. అయితే అట్టి చట్టబద్ధమైన బాధ్యత ప్రభుత్వానికి లేదని 2025లో ఆ దేశపు ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పినది. ఒకనాడు నేలను ముంచి దీవులను మిగిల్చిన సముద్రం, నేడు ఆ దీవులనే అడుగుచున్నది. వారి భాష, పంట, సమాధి అన్నీ ఆ నేలపైనే ఉన్నవి. ఆ నేల నిలిచిననాడే గెలిచిన హక్కుకు అర్థముండును.