ఊరి పటంలో మీ వీధి ఎక్కడ?



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టే ముందు ఏ ఇల్లాలైనా ఏం చూస్తుంది? వంటిల్లు ఎటు రావాలి? వాడిన నీళ్లు ఎటు పోవాలి? రేపు కొడుకు పెళ్లయితే ఇంకో గది వేసుకోడానికి చోటు ఉందా? ఇవన్నీ చూసుకున్నాకే పునాది తీస్తారు. గోడలు లేచాక కాలవకి దారి వెతికితే లాభం లేదు.

ఊరు కూడా ఇల్లులాంటిదే. కాకపోతే చాలా పెద్ద ఇల్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం విజయనగరం పట్నంలో సుమారు 2 లక్షల 28 వేల మంది ఉన్నారు. ఇంతమందికి తాగునీరు ఎక్కడినుంచి రావాలి? వాన నీరు ఎటు పోవాలి? బడి ఎక్కడ? ఆసుపత్రి ఎక్కడ? పిల్లలు ఆడుకునే చోటు ఎక్కడ? ఇరవై ఏళ్ల ముందుచూపుతో వీటిని రాసి, పటం గీసి పెట్టుకోవాలి. దాన్నే పట్టణ ప్రణాళిక అంటారు. ఆఫీసుల్లో మాస్టర్ ప్లాన్ అంటారు.

సిరిమాను దారి, నీటి దారి

విజయనగరం కోటను 1713లో కట్టారు. ఆ దగ్గరలోనే పెద్దచెరువు ఉంది. పైడితల్లి అమ్మవారు ఆ చెరువులోనే దొరికిందని జనం నమ్మకం. ఏటా విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను తిరుగుతుంది. మూడులాంతర్ల దగ్గరున్న చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లి వస్తుంది. అంత పొడుగు మాను కదలాలంటే దారి ఖాళీగా ఉండాలి. ఎవరైనా ఆ దారికి అడ్డంగా గోడ కడతానంటే ఊరు ఒప్పుకుంటుందా? ఒప్పుకోదు. ఆ దారి అందరిదీ అని అందరికీ తెలుసు.

వాన నీటికి కూడా అలాంటి దారే ఉంది. అదే గెడ్డ. ఎండాకాలం గెడ్డ ఎండిపోయి ఖాళీ జాగాలా కనపడుతుంది. ఒకరు మట్టి పోసి చదును చేస్తారు. ఇంకొకరు గోడ కడతారు. వాన పడ్డప్పుడు నీరు తన పాత దారినే వెతుక్కుంటుంది. దారి లేకపోతే ఇళ్లలోకి వస్తుంది. బియ్యం తడుస్తాయి. పిల్లల పుస్తకాలు తడుస్తాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఉత్తరాంధ్రను అతలాకుతలం చేసింది. కరెంటు పోయింది. కరెంటు లేక చాలాచోట్ల నీటి పంపులు ఆగిపోయాయి. బిందెలు పట్టుకుని తిరిగింది ఎవరు? ఎక్కువమంది ఆడవాళ్లే. అందుకే ఊరి ప్రణాళిక అంటే మగవాళ్ల పని, ఆఫీసర్ల పని అని ఊరుకోకూడదు.

పటం ఎవరు గీస్తారు?

విజయనగరానికి 1888లో మునిసిపాలిటీ వచ్చింది. 1978లో విశాఖపట్నంలో వుడా అనే సంస్థ ఏర్పడింది. విజయనగరం కూడా దాని కిందికి వచ్చింది. అంటే ఇక్కడి వీధుల పటం అక్కడి ఆఫీసులో తయారయ్యే పద్ధతి మొదలైంది. 2018లో వుడా స్థానంలో వి.ఎం.ఆర్.డి.ఎ. వచ్చింది. విజయనగరం మునిసిపాలిటీ కార్పొరేషన్ అయ్యాక 2021 మార్చిలో మొదటిసారి ఎన్నికలు జరిగాయి. 50 డివిజన్లకు కార్పొరేటర్లను ఎన్నుకున్నారు.

మరి ఊరివాళ్ల మాటకు చోటు ఎక్కడ? రాజ్యాంగానికి 74వ సవరణ చేశారు. అది 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పట్టణ ప్రణాళిక పనిని మునిసిపాలిటీలకు అప్పగించవచ్చని అందులో రాశారు. ఆడవాళ్లకు మూడోవంతు సీట్లు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో తర్వాత దాన్ని సగానికి పెంచారు.

ఆ సవరణలోనే ఇంకో ముఖ్యమైన మాట ఉంది. ప్రతి జిల్లాకీ ఒక ప్రణాళికా కమిటీ ఉండాలి. ఆ కమిటీలో అయిదింట నాలుగు వంతుల మంది జనం ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. పల్లెల ప్రణాళికలు, పట్నాల ప్రణాళికలు కలిపి జిల్లా ప్రణాళిక తయారు చెయ్యడం దాని పని. మన రాష్ట్రంలో దీనికి 2005లో చట్టం చేశారు. జిల్లా పరిషత్ అధ్యక్షులు దానికి పెద్ద. కలెక్టరు సభ్య కార్యదర్శి.

ఈ కమిటీ ఎందుకు? ఒక్క నీటి సంగతే చూడండి. విజయనగరం కొళాయిలకు నీరు నెల్లిమర్ల, రామతీర్థం దగ్గర చంపావతి ఏటినుంచి కూడా వస్తుంది. ఏరు పట్నంలో లేదు. ఏటి ఒడ్డున పల్లెలున్నాయి, పొలాలున్నాయి. వాళ్లకీ నీరు కావాలి. పట్నం ఒక్కటే కూర్చుని ఈ లెక్క తేల్చలేదు. పల్లె, పట్నం ఒకచోట కూర్చోవాలి. నీటిని ఎలా పంచుకోవాలో ఈ కమిటీ చూడాలని రాజ్యాంగంలోనే రాసి ఉంది.

కమిటీకి బలం ఎలా వస్తుంది?

చెరువుకి మదుం ఉంటే చాలదు. వేళకి మదుం తీసేవాళ్లుండాలి. కమిటీ కూడా అంతే.

ఒకటి: కమిటీకి వేళకి ఎన్నికలు జరగాలి. అది క్రమంగా సమావేశం కావాలి. ఏం తేల్చారో తెలుగులో రాసి గోడకు అంటించాలి.

రెండు: తెలిసినవాళ్ల సాయం ఉండాలి. ఏ వీధి ఎంత ఎత్తులో ఉంది, ఎంత లావు గొట్టం వెయ్యాలి అనేది ఇంజనీర్లు చెప్పాలి. కానీ ఏ సందులో మోకాలి లోతు నీరు నిలుస్తుందో, కొళాయి ఏ వేళకు వస్తుందో ఆ వీధి ఆడవాళ్లు చెప్పాలి. ఈ రెండు తెలివులూ కలిస్తేనే పటం సరిగ్గా వస్తుంది.

మూడు: డబ్బు ఉండాలి. కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టారు. రాష్ట్ర ప్రణాళిక డబ్బులో మూడోవంతుకు పైగా పంచాయతీలకు, మునిసిపాలిటీలకు కేటాయించారు. జనం సభల్లో కూర్చుని ఏ పని ముందో తేల్చుకున్నారు. అందులో పదోవంతు ఆడవాళ్ల పనులకు పక్కన పెట్టాలన్నారు.

నాలుగు: కుర్చీలో మనిషి మారినప్పుడల్లా ప్రణాళిక మారకూడదు. మార్చాల్సి వస్తే ఎందుకో జనానికి చెప్పి మార్చాలి.

చదువు వచ్చినవాళ్లు ఏం చెయ్యాలి?

ప్రణాళికను ఖాయం చేసే ముందు ముసాయిదా బయటపెడతారు. ముసాయిదా అంటే ఇంకా దిద్దడానికి వీలున్న కాగితం. 2041 వరకు చూసే ముసాయిదాను వి.ఎం.ఆర్.డి.ఎ. 2021లో బయటపెట్టింది. అభ్యంతరాలు చెప్పమని జనాన్ని అడిగింది. ఇలాంటప్పుడు గడువు పెడతారు. ఆ గడువులోగా రాసి ఇవ్వాలి. ఆ తర్వాత ఇంటిమీదుగా రోడ్డు గీత పడిందని ఏడిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఒక పేటలో నలభై ఇళ్లున్నాయనుకోండి. పక్కనే గెడ్డ. పటంలో ఆ గెడ్డ లేదు, అక్కడ ఇళ్ల స్థలాలని రంగు వేశారు. అప్పుడు నలుగురు కలిసి ఇలా రాయవచ్చు:

“అయ్యా, మా పేట పక్కన గెడ్డ ఉంది. పటంలో అది కనపడలేదు. అక్కడ ఇళ్లు కడితే వాన నీరు మా ఇళ్లలోకి వస్తుంది. మీరు వచ్చి చూసి, పటంలో గెడ్డను చూపించాలని కోరుతున్నాం.”

ఇంత చాలు. కింద అందరూ సంతకాలు చెయ్యాలి. వేలిముద్ర వేసే రోజులు పోయాయి కదా! ఒక నకలు దగ్గర ఉంచుకోవాలి. ఆఫీసులో ఇచ్చినట్టు దానిమీద ముద్ర వేయించుకోవాలి.

2019లో వార్డు సచివాలయాలు వచ్చాయి. ప్రణాళిక పని చూడడానికి అందులో ఒక కార్యదర్శి పోస్టు పెట్టారు. ముందు అక్కడ అడగాలి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. కాగితం మీద రాసి అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. పేద కుటుంబాలకు ఫీజు లేదు.

మొదటి పని చాలా చిన్నది. నలుగురు కలిసి వెళ్లండి. మా వీధి ఉన్న పటం చూపించండి అని అడగండి. పటంమీద పేర్లు కూడబలుక్కుని చదవండి. గెడ్డ ఎక్కడుంది, బడి ఎక్కడుంది, మీ ఇల్లు ఎక్కడుంది, వేలు పెట్టి చూపించండి. ఏదైనా కనపడకపోతే ఆ రోజే కాగితం, కలం తియ్యండి.